భారతి పొలం – భువనగిరి కొండ

14 నవంబరు 1983

భారతి పొలం కౌలు ఇవాళ వచ్చింది. వెనకే మా తమ్ముడు కూడా వచ్చాడు. కాఫీ తాగి, మీసం తుడుచుకుని, ఏటా అడిగే మాటే అడిగాడు: "ఇంకెన్నేళ్ళన్నయ్యా ఈ కొండలు?"

వాడు వెళ్ళాక కోపమొచ్చి ఇదంతా రాస్తున్నా. చందర్లపాడు రోడ్డులో ఆ పొలం చెక్కని మా పెద్దమ్మాయి భారతి పుట్టిన యేడే పసుపు కుంకుమల కింద విడిగా అట్టేపెట్టాం. పెళ్ళి కాకుండా పోయిన పిల్ల పసుపు కుంకుమలు ఎవరికి చెందాలో మా ఇళ్ళల్లో ఎవరికీ తెలియదు. తమ్ముడు తన కొడుక్కి అన్నాడు. మా ఆవిడ రాఘవమ్మ మాత్రం, "కూతురికని పెట్టింది కూతుళ్ళకే పోవాలి" అంది. ఎవరి కూతుళ్ళకే అంటే, కొండలెక్కే వాళ్ళకంది. భారతి బెజవాడలో చదివేటప్పుడు ఎన్.సి.సి. వాళ్ళతో హిమాలయాలకి వెళ్ళొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ దాని నోట ఆ మాటే. మరుసటి యేడు మెదడు జ్వరంతో పోయింది.

ఏటా ఇద్దరు పెళ్ళికాని ఆడపిల్లల్ని ఆ కౌలుతో కొండలకి పంపుతున్నాం. షరతు రాఘవమ్మదే. ఇంటి గుమ్మం దిగిన దగ్గర్నుంచి మళ్ళీ గుమ్మం ఎక్కేదాకా సొంత కాళ్ళే. నడుస్తారో సైకిలు తొక్కుతారో వాళ్ళిష్టం, మోటారు ఎక్కితే మాత్రం చెల్లదు. మిగతా రూళ్ళు నావి. వానాకాలం వెళ్ళకూడదు, చీకటి పడ్డాక కదలకూడదు, ఇంకా అలాంటివి. భయంతో పెట్టినవి కావు. జాగ్రత్త వేరు, భయం వేరు.

17 నవంబరు

వీరులపాడు నుంచి కృపారావు మాస్టారి అమ్మాయి జయమణి వచ్చింది. డిగ్రీ అయింది, బి.ఇడి. సీటు కోసం చూస్తోంది. వాళ్ళ నాన్న సైకిలు మీద, అదీ ముందు కడ్డీ ఉన్న మగ సైకిలు మీద వచ్చింది. భువనగిరి వెళ్తానంది. పోయినేడు వాళ్ళు కొండపల్లితో సరిపెట్టుకున్నారు, ఈ పిల్లకి ఏకంగా భువనగిరి కావాలి.

"హైవే మీద లారీలు ఎట్లా వస్తాయో తెలుసా?" అన్నా.

"తెలుసండి. రోజూ చూస్తా."

"ఎదురుగా వస్తే ఏం చేస్తావు?"

"దిగిపోతానండి, రోడ్డు పక్కకి. లారీతో మనకి పోటీ ఏంటండీ?"

తల ఊపా. రాఘవమ్మ మా కప్పుల్లోనే కాఫీ ఇచ్చింది. మా అమ్మ ఉండగా అయితే ఇది జరిగేది కాదు. నాకూ వద్దనాలనిపించలేదు.

రెండో పిల్ల చందర్లపాడు నుంచి. ఆ అమ్మాయీ గట్టిదే.

మాట్లాడుతున్నంతసేపూ మా చిన్నమ్మాయి బేబి తలుపు పట్టుకుని నిలబడే ఉంది. పిలిస్తే లోపలికి పోయింది.

19 నవంబరు

బేబి అన్నం దగ్గర అడిగింది. "నేనెందుకు వెళ్ళకూడదు నాన్నా?"

రూలు చెప్పా. ఇంటి పిల్లలకి వర్తించదు. మన పొలం సొమ్ము మన పిల్లకే ఇచ్చుకుంటే ఊళ్ళో ఏమంటారు? న్యాయంగా ఉండాలి కదా.

"ఆ రూలు ఎప్పుడు పెట్టావు?"

గుర్తు లేదన్నా.

"నాకు గుర్తుంది. నేను సైకిలు నేర్చుకున్న యేడు."

దానికీ దీనికీ ఏం సంబంధం లేదు. కాలేజీలో చేరిన దగ్గర్నుంచీ దీనికి నోరు బాగా లేచింది. భారతి కన్నా పదేళ్ళు చిన్నది, గారాబం చేశాం. అదే తప్పయింది.

20 నవంబరు

పత్తికి తెల్లదోమ. మందు కొట్టించా.

బేబి మాట్లాడటం లేదు.

24 నవంబరు

చందర్లపాడు పిల్లకి సంబంధం కుదిరిందట. ఈ నెలాఖర్లో తాంబూలాలు. వాళ్ళ నాయనమ్మ కబురంపింది, ఇంక ఆ పిల్ల కొండలూ గుట్టలూ తిరగదని. అయ్యో అన్నా. ఒంటరిగా ఎవరినీ పంపం కాబట్టి ఈ యేటికి ప్రయాణం ఆగిపోయినట్టే.

పాపం జయమణి. చాలా బాధగా ఉంది. చాన్నాళ్ళకి పగలు కూడా కునుకు పట్టింది.

25 నవంబరు

కృపారావు మాస్టారు, జయమణి వచ్చారు. ఆయన నెమ్మదస్తుడు. "తోడుంటే పంపుతానండి. ఒక్కదాన్నీ అంటే వాళ్ళమ్మ ఒప్పుకోదు, నాకూ ధైర్యం చాలదు. వచ్చే యేటికి చదువో ఉద్యోగమో, మళ్ళీ వీలుపడదండి" అన్నాడు. గోడ మీద భారతి ఫొటో ఉంది, అది ఖాకీ బట్టల్లో తాడు భుజానేసుకుని ఉన్నది, జయమణి దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ మొహం చూడలేక నేను వక్కపలుకులు వెతుక్కున్నా.

అప్పుడు బేబి వచ్చి అందరి మధ్యా నిలబడింది. "నేను వెళ్తాను తోడు."

"నువ్వు లోపలికెళ్ళు" అన్నా.

వాళ్ళు వెళ్ళిపోయాక రాఘవమ్మ పట్టుకుంది. నా మీద అరవదు ఎప్పుడూ. ఇవాళా అరవలేదు. బియ్యం ఏరుకుంటూనే అంది:

"భారతి కొండ మీంచి క్షేమంగా వచ్చిందండీ. ఇంట్లో మంచం మీద పోయింది. మీరు ఆరేళ్ళ నుంచీ కొండని చూసి భయపడుతున్నారు. భయపడేదేదో మంచాన్ని చూసి భయపడండి. ఉన్న ఒక్కదాన్నీ ఆ మంచం మీదే కూర్చోబెట్టాలని మీ ఆలోచన."

నాకు భయం లేదన్నా. జాగ్రత్త అన్నా.

"ఆఁ, జాగ్రత్తే" అంది.

పొలానికి వెళ్ళిపోయా.

26 నవంబరు

సరే అన్నా.

27 నవంబరు

సరే అన్నానే గానీ జాగ్రత్తలు తీసుకోనని అనలేదుగా. దారిలో మనవాళ్ళందరికీ కబురు పెట్టా. చిల్లకల్లులో మా పెదనాన్న కొడుకు కృష్ణయ్య, కోదాడలో రాఘవమ్మ పినతల్లి కొడుకు, ఆయనకి అక్కడ పత్తి కమీషన్ వ్యాపారం, సూర్యాపేటలో నాకు తెలిసిన ప్లీడరు. "పిల్లలు వస్తున్నారు, కాస్త చూసుకోండి" అని, అంతే. ఇందులో తప్పేముంది? ఎవరింటి పిల్లలైనా ఇలాగే పంపుతాం.

కృపారావు మాస్టారు కూడా ఊరూరా పాస్టర్లకి చెప్పి ఉంచాడట, పడుకోవడానికి చోటివ్వమని. మనవాళ్ళుండగా ఆ ఇబ్బంది దేనికని నా ఉద్దేశం.

రాఘవమ్మ ట్రంకు తీసి భారతి ఖాకీ ప్యాంటు బయటికి లాగింది. బేబికి నడుం దగ్గర వదులయితే కుట్టు వేస్తోంది. నేను చూడనట్టు పేపరు చదివా.

5 డిసెంబరు

బయలుదేరారు. నిన్న ఆదివారం చర్చి అయ్యాకే జయమణి వచ్చేసింది, రాత్రి బేబి గదిలోనే పడుకుంది. పొద్దున్నే కృపారావు మాస్టారు, వాళ్ళావిడ ఆరోగ్యమ్మ వచ్చారు. గేటు దగ్గర మాస్టారు ప్రార్థన చేశాడు. కాస్త పెద్ద ప్రార్థనే. అదయ్యేదాకా రాఘవమ్మ హారతి పళ్ళెం పట్టుకుని, కర్పూరం కొండెక్కకుండా చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడింది. తర్వాత ఇద్దరికీ హారతి ఇచ్చింది. ఆరోగ్యమ్మ ఇద్దరి నుదుటి మీదా చెయ్యి పెట్టింది. సైకిళ్ళ వెనక దుప్పట్లు, సీసాల్లో నీళ్ళు.

నేను ఏం అనాలో తెలియక టైర్లు నొక్కి చూశా. గాలి బాగానే ఉంది.

జగ్గయ్యపేటలో సున్నం పనుంది. ఇల్లు వెల్ల వేయించి రెండేళ్ళయింది, అక్కడయితే మంచి సున్నం దొరుకుతుంది. జీపు తీసి వెళ్ళొస్తా. ఆ దారే కాబట్టి పిల్లలు కనిపిస్తే కనిపిస్తారు.

అదే రోజు, కోదాడ

సున్నం కొనలేదు. జగ్గయ్యపేట లోపలికి వెళ్ళనే లేదు.

చిల్లకల్లు దగ్గర రోడ్డు పక్కన జనం కనిపిస్తే ఏదో లారీ గుద్దేసిందనుకున్నా. తీరా చూస్తే మా కృష్ణయ్య. కుర్చీలు వేయించి, పిల్లలిద్దర్నీ కూర్చోబెట్టి, ముందు పెసరట్లు, తర్వాత పాయసం, తర్వాత కొబ్బరినీళ్ళు. వీధి వీధంతా వచ్చి బేబి ప్యాంటు చూస్తోంది. కృష్ణయ్య పెళ్ళాం, "ఇంత ఎండలో ఈ తిప్పలేంటమ్మా, భోంచేసి బస్సెక్కి వెళ్ళండి" అంటోంది. డిసెంబరులో ఎండట. నేను ఒక లారీ వెనక జీపు ఆపి, టీ కొట్లో కూర్చుని చూశా. పిల్లలు అక్కణ్ణుంచి బయటపడేసరికి మిట్టమధ్యాహ్నం. పొట్టలు మోసుకుంటూ తొక్కారు.

కాస్త చూసుకోమంటే మనవాళ్ళకి అర్థం అదే. నాకూ అదే అర్థం, ఇన్నాళ్ళూ.

నేను కోదాడలో ఒక లాడ్జిలో ఉన్నా. బావమరిది ఇంటికి వెళ్తే బేబి చూస్తుంది.

6 డిసెంబరు, సూర్యాపేట

ఇది రాయాలంటే చెయ్యి రావటం లేదు గానీ రాస్తా.

మునగాల దాటాక రోడ్డు పక్కన సైకిళ్ళు రెండూ పడి ఉన్నాయి. బేబి తుమ్మ చెట్టు కింద కూర్చుని వాంతి చేసుకుంటోంది. నిన్న మధ్యాహ్నం చిల్లకల్లు పెసరట్లు, పాయసం, రాత్రి కోదాడలో కోడికూర, గారెలు, పొద్దున్న మళ్ళీ గారెలు. ఎవరి కడుపయినా ఏమవుతుంది? జీపు ఆపి దిగా. దిగటమే కాదు, పరిగెత్తా.

బేబి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "చూశావా, చెప్పా కదా" అంది జయమణితో.

"ఎక్కండి ఇద్దరూ. సైకిళ్ళు వెనక వేద్దాం. సూర్యాపేటలో డాక్టరుకి చూపించి ఇంటికెళ్దాం" అన్నా.

బేబి తల అడ్డంగా ఊపింది. మోటారు ఎక్కితే చెల్లదంది.

"చెల్లకపోతే మానె. రూలు మీ అమ్మది, నేను చెప్పుకుంటా."

అప్పుడు జయమణి అంది. చేతులు కట్టుకుని, మర్యాదగానే అంది. "ఏమీ అనుకోకండి. నిన్న చిల్లకల్లులోనే మీ జీపు చూశామండి. అప్పట్నుంచీ బేబి ముందుకి చూడటం లేదు, వెనక్కి చూస్తోంది. ఏ కొంచెం అలిసినా వెనక్కి చూస్తోంది. ఇట్లా అయితే కొండ దాకా వెళ్ళినా ఎక్కలేదండి."

నా ఒళ్ళు మండింది. ఈడొచ్చిన ఏ ఆడపిల్ల దగ్గరా నేనింత మాట పడలేదు. ఏదో అనబోయా. బేబి మూతి తుడుచుకుని, "దాన్నేమీ అనకు నాన్నా. కోదాడలో ఏం జరిగిందో నీకు తెలియదు" అంది.

కోదాడలో బావమరిది పెళ్ళాం, జయమణి ఎవరమ్మాయని ఆరా తీసిందట. తీసి, బేబికి లోపల కంచం పెట్టి, జయమణికి అరుగు మీద విస్తరి వేసిందట. బేబి తన కంచం తీసుకెళ్ళి అరుగు మీదే కూర్చుందట. ఆవిడ మొహం మాడ్చుకుంటే, ఆవిడ తృప్తి కోసమని పెట్టిందల్లా తినేసిందట ఇది. అదీ వాంతి సంగతి.

ఆ ఇంటికి పంపింది నేను. మాస్టారు చెప్పిన పాస్టరు గారి ఇల్లు అక్కడికి రెండు వీధుల అవతలే ఉందట. సిగ్గుతో చచ్చిపోయా. చెట్టు కింద కూర్చుండిపోయా.

కాసేపటికి జయమణే అంది, "సూర్యాపేటలో భోజనాలు కాస్త వద్దని చెప్పండి చాలండి. అక్కడ పాస్టరమ్మ గారు మజ్జిగన్నం పెడతారు."

వాళ్ళు సైకిళ్ళెక్కారు. బేబి మొదట కొంచెం వంకరగా తొక్కింది. జీపులో వాళ్ళని దాటేటప్పుడు నేను పక్కకి చూడలేదు. సూర్యాపేట వచ్చి, ప్లీడరు గారికి పిల్లలు రారని నచ్చజెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అయిదు కూరలు వండించాడు. పారబొయ్యలేక నేనే తిన్నా. ఇప్పుడు నాకూ కడుపులో బాగాలేదు.

పొద్దున్నే జీపు వెనక్కి తిప్పుతా. భువనగిరి వైపు కాదు. నందిగామ వైపే, ఇంటికి.

7 డిసెంబరు

ఇల్లు చేరా.

"సున్నం దొరికిందా?" అంది రాఘవమ్మ.

"లేదు."

చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత కోదాడ సంగతి చెప్తే నవ్వు ఆపేసింది. తన పినతల్లి కొడుకే.

8 డిసెంబరు

ఈ యేడు మన పత్తి కోదాడ పోదు. బావమరిదికి కారణం కూడా చెప్పే పంపా, గుచ్చి గుచ్చి. రాఘవమ్మ ఇంకో రెండు మాటలు కలిపింది.

9 డిసెంబరు

ట్రంక్ కాల్ బుక్ చేద్దామా అన్నా. భువనగిరిలో చర్చి ఉంటుంది, ఫోను ఉంటుంది.

"ఫోను చేస్తే జీపు పంపినట్టే" అంది రాఘవమ్మ.

10 డిసెంబరు

ఇవాళ ఎక్కుతుంటారు. నిన్ననే ఎక్కేశారేమో. లేక బేబి ఇంకా నీరసంగా ఉండి దారిలోనే ఉన్నారేమో.

అరుగు మీద కూర్చుంటే పాత సంగతులు గుర్తొచ్చాయి. భారతి హిమాలయాలకి వెళ్ళిన నెల నేనెట్లా ఉన్నానా అని ఆలోచించా. హాయిగా ఉన్నా. నిజంగా. మిరపకి మంచి రేటు వచ్చింది ఆ యేడు. అది మంచులో ఎక్కడో తాడు పట్టుకుని వేళ్ళాడుతుంటే నేనిక్కడ సుబ్బరంగా తిని, పేకాడి, నిద్రపోయా. "మా అమ్మాయి హిమాలయాల్లో ఉందండీ" అని బజారులో అందరికీ చెప్పుకుని మురిసిపోయా. పెదాలు పగిలి, ముక్కు మీద చర్మం ఊడి వచ్చింది. ఎంత బాగుందో. ఒక్క రోజు కూడా భయపడలేదు. అప్పుడు నేను ధైర్యవంతుణ్ణని కాదు, పిల్లలు పోతారని నాకు అప్పటికి తెలియదు, అంతే.

నాకు భయమే. జాగ్రత్త కాదు. రాసేశాను కాబట్టి ఇంక దాచేదేముంది.

సాయంత్రం రాఘవమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఇద్దరం పల్లీలు ఒలుచుకు తిన్నాం. తనకీ భయంగానే ఉందట. "మరి ఎందుకు పంపావు?" అన్నా. "భయంగా ఉందని పంపకపోతే, అది నా వయసుకొచ్చేదాకా నేనే కాపలా ఉండాలి. అప్పటికి నేనుంటానా?" అంది. ఈవిడతో ముప్ఫయ్యేళ్ళ పైన కాపురం చేశా. ఇవాళ మళ్ళీ పెళ్ళిచూపుల్లో చూసినట్టు చూశా.

11 డిసెంబరు

పత్తి బేరగాడితో పోట్లాట. రేటు తగ్గించాడు. కోదాడ కాదన్నందుకు నష్టమే. పోనీ.

13 డిసెంబరు

ఏమీ లేదు. వంకాయ కూర బాగుంది.

14 డిసెంబరు

వచ్చారు.

గేటు దగ్గర బెల్లు మోగితే పాలవాడనుకున్నా. ఇద్దరూ నల్లగా మాడిపోయి ఉన్నారు. బేబి మోకాలు దగ్గర ప్యాంటు చిరిగింది. ముక్కు మీద చర్మం ఊడుతోంది. నేను మెట్లు దిగబోయి, మధ్యలో ఆగి, వాళ్ళే గుమ్మం ఎక్కేదాకా నిలబడ్డా. ఎందుకంటే షరతు అదీ.

జయమణికి మా బేబితో పాటే వంటింట్లో పీట వేసింది రాఘవమ్మ. తినేటప్పుడు నేను, "కోదాడలో..." అని మొదలుపెట్టా. పూర్తి చేయలేకపోయా.

"బేబి వచ్చి పక్కన కూర్చుందండి. తర్వాత ఆకలేసింది, తినేశా" అంది ఆ పిల్ల.

"తప్పు నాదమ్మా."

"సరేలెండి" అంది. ఆ పిల్ల అట్లా ఒప్పుకున్నందుకు నాకు తేలికయింది. లేదు లేదు మీదేం తప్పండీ అంటే ఇంకా బరువుగా ఉండేది. తినగానే వీరులపాడు బయలుదేరింది, వాళ్ళమ్మ చూస్తుంటుందని. క్రిస్మస్‌కి మమ్మల్నందర్నీ రమ్మంది. వెళ్తాం.

బేబి మళ్ళీ అన్నం పెట్టించుకుంది. నేనే ఎదురుగా కూర్చుని పెరుగు వేశా.

"కొండ ఎట్లా ఉంది?"

"ఒకటే రాయి నాన్నా. ఊరంత రాయి. కొంత దూరం మెట్లున్నాయి, పైన కొన్ని చోట్ల అరిగిపోయి ఉత్త బండ. గాలి తోసేస్తుంటే అక్కడే కూర్చుండిపోయా. జయమణి అప్పటికే పైకెళ్ళింది, పిలిస్తే వినపడదు."

"మరి?"

"కిందికి చూశా. రోడ్డంతా కనిపిస్తుంది అక్కణ్ణుంచి, బస్సులు అగ్గిపెట్టెల్లాగా. మన జీపు ఉందేమోనని వెతికా. చాలాసేపు వెతికా నాన్నా. ఉంటే దిగొచ్చి ఎక్కేద్దామనే అనుకున్నా." ముద్ద కలుపుకుంది. "లేదు. ఇంక లేచి పైకెక్కా."

రాఘవమ్మ నా వైపు చూసింది. నేను పెరుగు గిన్నె వైపు చూశా. తర్వాత ఏదో పనున్నట్టు లేచి పెరట్లోకి వెళ్ళి ఏడ్చా. దుఃఖంతో కాదు. దేనితోనో తెలియదు గానీ, బాగా ఏడ్చా. మొహం కడుక్కుని లోపలికి వచ్చేసరికి బేబి గోడకి జారబడి నిద్రపోతోంది. కుడిచెయ్యి ఇంకా కంచంలోనే ఉంది. రాఘవమ్మ లేపబోతే వద్దన్నా. చెంబుతో నీళ్ళు తెచ్చి, కంచంలోనే ఆ చెయ్యి నేను కడిగా.